చేపల తొట్టికి సెంట్రీ

యలహంకలో దిగేసరికి వాన. వేసవి వానే, కానీ దంచి కొడుతోంది. ఊరి బయట చెరువు కట్ట మీద మా ఇంజనీర్ల ప్లటూన్ గుడారాలు వేసింది. చెరువు నిండా మురికి నురగ. గాలికి ముక్కలై ఎగిరొచ్చి మా బూట్ల మీద పడేది. కట్ట ఏ క్షణమైనా తెగేలా ఉంది. తూము ఎత్తితే భారం తగ్గుతుంది, కానీ ఆ నీళ్లు దిగువ చెరువులో కలుస్తాయి. అక్కడ తుమ్మచెట్ల మీద గూడబాతులు పిల్లల్ని పెంచుతున్నాయి.

నీళ్లు పరీక్షించడానికి వచ్చిన మేడమ్‌ది విజయవాడ. "తూము ఎత్తేముందు ఒక్క రాత్రి టైమివ్వండి సార్," అని మా మేజర్‌ను అడిగింది. రెండు తొట్లు పెట్టించింది. ఒకదాంట్లో దిగువ చెరువు నీళ్లు. రెండోదాంట్లో అవే నీళ్లకు నురగనీళ్లు కలిపింది. రెండింటిలోనూ చిన్న చేపలు వదిలింది. మేం ఇసుక బస్తాలు మోస్తూనే ఉన్నాం.

పొద్దున ఆరింటికి చూస్తే రెండు తొట్లలోనూ చేపలు వెల్లకిలా తేలాయి.

"మంచినీళ్లలోవి ఎందుకు పోయాయి?" అంటూ మేడమ్ అడుగున చెయ్యి పెట్టి దేవింది. నానిన చపాతీ ముక్కలు!

అందరం మా వంటవాడి వైపు తిరిగాం. హిందూపురం మనిషి.

"పస్తుండాయి గదా మేడమ్! మా లంగర్ వంటింటి పక్కనుండి ఎవురైనా పస్తు పండుకుంటారా?"

"నీ దానధర్మం తగలెయ్య!" అన్నాను.

కుళ్లిన చపాతీ నీళ్లలోని గాలంతా లాగేసిందట. పరీక్ష మళ్లీ మొదలు. ఈసారి తొట్లకు సెంట్రీని పెట్టాం. వంటవాడు అటు రాకూడదని ఆర్డర్.

మేజర్ వైర్‌లెస్‌లో నన్ను అడిగాడు. "కట్ట ఆగుతుందా, హవల్దార్?"

"బస్తాలున్నంతసేపు ఆగుతుంది, సాబ్."

మర్నాడు నురగ కలిపిన తొట్టిలో ఒక్కటీ మిగల్లేదు. మంచినీళ్లలోవి తోకలాడిస్తున్నాయి. తూము జోలికి పోలేదు. పక్కనుంచి కాలువ తవ్వి, ఆ నీళ్లను పాత క్వారీ గుంతలోకి మళ్లించాం. నడుములు విరిగాయి గానీ కట్ట నిలిచింది.

వెళ్లే రోజు, బతికిన చేపల్ని దిగువ చెరువులో వదిలే పని వంటవాడే అడిగి తీసుకున్నాడు. "పోండప్పా, గెలిచినారు," అని తొట్టి వంచాడో లేదో, గూడబాతు ఒకటి వచ్చి సంచి లాంటి ముక్కుతో వాటిని ఎత్తేసింది.

"అయ్యయ్యో!" అని వాడు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

పక్షి తుమ్మచెట్టు మీద వాలి నోరు తెరిచింది. పిల్ల తన తలంతా, మెడ దాకా, తల్లి గొంతులోకి దూర్చింది. తూము ఎత్తి ఉంటే ఆ నురగ ఈ దారినే పిల్ల కడుపులోకి పోయేది.

ఇంటికొచ్చి ఏళ్లయింది. ఇప్పటికీ మంచినీళ్ల గ్లాసు ఎత్తితే, తల్లి గొంతులో తల దూర్చిన ఆ పిల్లే కనిపిస్తుంది.