గంట లోపలి బొటనవేలు

దెయ్యాలున్నాయని చెప్పేవాళ్ళని నేను మొహంమీదే తిట్టేవాణ్ణి. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇత్తడి పోత పోసి బతికినవాణ్ణి. కరిగిన లోహం ముందు ముప్ఫై ఏళ్ళు నిలబడ్డాక, కంటికి కనబడనివాటి భయం ఉండదు. ఇప్పటికీ దెయ్యం అనను. జరిగింది మాత్రం రాస్తున్నాను. రిటైరైనాక మనవరాలి పలకమీద అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి.

ఎనభైల చివర్లో కలకత్తా నుంచి తారాపద బాబు అని ఒక వ్యాపారి మా ఊరొచ్చేవాడు. పాత రైల్వే సామాన్లు, చేతి దీపాలు, స్టేషను గంటలు కొని, ఇళ్ళలో షోకుగా పెట్టుకునేవాళ్ళకి అమ్మేవాడు. అప్పటికే నకిలీలు బాగా వచ్చేసినాయి. కొత్త గంటని చింతపండు పులుసులో నానబెట్టి, బూడిదలో పాతిపెట్టి, పైన పాత సంవత్సరం చెక్కి తెచ్చేవాళ్ళు. అందుకని ఏది కొనాలన్నా ముందు నాకు చూపించేవాడు. పైన రాసింది చదవడం నాకప్పటికి రాదు, కాబట్టి దానికి మోసపోయేవాణ్ణి కాదు. లోపల తడిమి, అంచుమీద ఆకురాయితో ఒక గీత గీసి, రంగు చూసి చెప్పేవాణ్ణి. అసలుదంటే కొనేవాడు, కాదంటే వదిలేసేవాడు.

మా అన్నయ్య అప్పారావు కూడా అదే ఫౌండ్రీలో పనిచేసినాడు. మాలో ఒక అలవాటుండేది. గంట లోపల బోలు రావడానికి ఇసకముద్ద పెడతాం. పోతకి ముందు దానిమీద బొటనవేలు ఒకసారి నొక్కేవాళ్ళం. ఆ గుంటలోకి లోహం దిగి గంట లోపల వేలంత బొడిపె అవుతుంది. బయటికి కనబడదు, ఆఫీసర్లకి తెలీదు. అన్నయ్య బొటనవేలు సుత్తి దెబ్బకి మధ్యకి చీలిపోయి ఉండేది. ఆయన బొడిపెమీద కూడా ఆ చీలిక అలాగే పడేది. వేలు నొక్కకుండా ఆయన ఒక్క గంటా పోయలేదు.

అన్నయ్య ఊపిరితిత్తులు పాడై పోయినాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే ఇళ్ళల్లో, మా వెనక వరసలో పైడమ్మ వదిన ఒక్కతే మిగిలింది. కొన్నాళ్ళకి ఆమె కళ్ళలో ఒత్తిడి పెరిగిపోయింది. నెలలోపు కలకత్తాలో ఆపరేషను చేయించకపోతే చూపు పోతుంది, ఇక తిరిగి రాదు అని డాక్టరు చెప్పినాడు. ఇంట్లో అమ్మకానికి పనికొచ్చే వస్తువు ఒక్కటే. అన్నయ్య స్క్రాపు వేలంలో పాడుకొచ్చిన స్టేషను గంట. "నా సేత్తో పోసిందే మల్లీ నా ఇంటికొచ్చినాది" అని అందరికీ చెప్పుకునేవాడు.

తారాపద బాబుని నేనే తీసుకెళ్ళినాను. పట్టపగలు, వాకిట్లో మంచంమీద గంట పెట్టి చూసినాం. కిరసనాయిలు గుడ్డతో లోపలంతా తుడిచినాను. ఆయన టార్చి వేసినాడు. చెయ్యిపెట్టి తడిమితే నున్నగా ఉంది. బొడిపె లేదు. అంచుమీద గీత గీస్తుంటే ఆకురాయి జారి, గీత కొక్కెంలా వంకరపోయింది. మళ్ళీ తడిమినాను. బాబు కూడా చెయ్యిపెట్టి చూసినాడు. లేదు.

"బోలో దాదా, అసలా నకలా?"

లోహం పాతదేనని చెప్పి ఊరుకుంటే సరిపోయేది.

"మా అన్నయ్య పోసింది కాదు. ఎవరు పోసినారో తెలీదు. నేను పూచీ పడను" అన్నాను.

ఆయన టార్చి సంచిలో పెట్టుకుని, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయినాడు.

"అయితే మీ అన్న నాకాడ అబద్దమాడినాడా?" అంది వదిన.

"నాకేటి తెలుసు వదినా. ఏలు లేదు."

"ఇంట్లో మనిసికన్నా నీకు ఏలే ఎక్కువైపోనాదిరా. పో."

వేరే దారి వెతికేలోగా నెల దాటిపోయింది. దసరా వెళ్ళేసరికి ఆమెకి చూపు పూర్తిగా పోయింది.

ఒక ఉదయం గంజి పట్టుకెళ్ళినాను. వదిన వాకిట్లో కూచుని ఉంది. గంట ఒళ్ళో ఉంది, చెయ్యి గంట లోపల ఉంది.

"సింహాచలం, నువ్వేనా? ఇలా రా. సెయ్యెట్టు."

పెట్టినాను. బొడిపె ఉంది. మధ్యలో చీలిక. అన్నయ్య బొటనవేలు పట్టుకున్నట్టే ఉంది.

గంట మార్చేసినారేమోనని ఎండలోకి తెచ్చి చూసినాను. అంచుమీద నేను గీసిన గీత, కొక్కెంలా వంకరపోయినది, అలాగే ఉంది. తర్వాత అతికించినారేమోనని గీకి చూసినాను. అతుకు లేదు. గంటతోపాటు పోసిందే.

"ఆయేల ఎందుకు లేదన్నావురా?" అంది వదిన.

తారాపద బాబుకి కబురుపెట్టినాను. వచ్చి చెయ్యిపెట్టినాడు. వెంటనే తీసేసి చొక్కాకి తుడుచుకున్నాడు. గీత చూపించినాను. చాలాసేపు చూసి, కొంటానన్నాడు.

"కళ్ళున్నప్పుడు కొననోడివి, ఇప్పుడేటికి? ఠీక్ హై బాబు, ఎల్లిరా" అంది వదిన.

ఆ తర్వాత నేను ఏ వస్తువుకీ అసలనీ నకలనీ చెప్పలేదు. వదిన నాలుగేళ్ళకి పోయింది. గంట ఇప్పుడు మా ఇంట్లో ఉంది, వేలు లోపల ఉంది. ఆవేళ నా చెయ్యి తప్పిందనుకుందాం, మరి బాబు చెయ్యి? నేను చెప్పలేను. ఆ రోజు అది ఇద్దరి చేతులకీ తగల్లేదు. కాదని నోటితో అన్నది మాత్రం నేనొక్కణ్ణే.