పిప్పరమెంట్ల జేబు

మా పెదనాన్న వెండెల్ స్టకీ ఎవరినైనా సగమే కౌగిలించుకునేవాడు. ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళని ఎడమ చేత్తో భుజానికి అదుముకునేవాడు. కుడి మోచెయ్యి మాత్రం తుంటికి అతుక్కునే ఉండేది. కొత్తవాళ్ళు చూసి, పాపం పెద్దాయనకి పక్షవాతం తగిలిందేమో అనుకునేవారు. టెక్సాస్ పైకొసన ఉన్న మా ఊళ్ళో మాత్రం ఎవరూ ఏమీ అనుకోరు. ఇక్కడ మగవాళ్ళలో సగం మంది కౌగిలింత అలాగే ఉంటుంది. చొక్కా కింద ఉన్నది ఎదుటివాళ్ళ చేతికి తగలకూడదు, అంతే.

ఎక్కడో దూరాన ఒక చర్చిలో జరిగిన ఘోరం టీవీలో చూసిన దగ్గర్నుంచి మా చర్చికీ ఒక కాపలా బృందం ఉంది. దానికి పెద్ద మా పెదనాన్నే. యూనిఫారాలు లేవు, జీతాలు లేవు. పిస్తోలు చొక్కా కింద పెట్టుకుని తలుపు దగ్గర నిలబడటం, నవ్వుతూ పలకరించడం, అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నప్పుడు కళ్ళు తెరుచుకుని ఉండటం. ఇదే పని. కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చి, ఈ చమురు బావి దగ్గరో నెల, ఆ వెల్డింగు షెడ్డులో నెల తిరుగుతున్న నన్ను కూడా ఆయనే అందులో చేర్చాడు. "ఎక్కడా కుదురుగా నిలబడవు కదరా, కనీసం వారానికి ఒక గంట తలుపు దగ్గర నిలబడు" అన్నాడు.

బతుకంతా ఆయన గ్యాస్ లారీ నడిపాడు. పొలాల మధ్య విడివిడిగా ఉన్న ఇళ్ళకి వెళ్ళి, బరువైన గొట్టం లాగి ట్యాంకులు నింపేవాడు. ఎక్కడం, దిగడం, లాగడం. కుడి తుంటి కీలు అరిగిపోయింది. ఈ వసంతంలో డాక్టర్లు దాన్ని తీసేసి కొత్తది పెట్టారు. నడుము దగ్గర నుంచి ఎక్కువగా వంగకూడదన్నారు. కోత మీద బెల్టు ఒత్తుకోకూడదన్నారు. చేతికర్ర ఎడమ చేతిలో పట్టుకోమన్నారు. తుపాకీ సంగతి వాళ్ళేమీ అడగలేదు. ఈయనా చెప్పలేదు. ఇంటికొచ్చాక పట్టుకున్న బెంగ మాత్రం అదే. ఇన్నేళ్ళూ పిస్తోలు ఉన్నది సరిగ్గా ఆ కోత పడ్డ చోటే.

దానికి తోడు జనెల్ అక్క పెట్టిన షరతు. అక్క పెదనాన్న కూతురు, పెద్దాసుపత్రిలో అత్యవసర విభాగంలో నర్సు. తుపాకీతో ఆడుకున్న పిల్లల్ని మోసుకొచ్చే తల్లుల్ని చూసిన మనిషి. తన కూతురు రెన్‌లీ పుట్టినప్పుడే చెప్పేసింది. "నాన్నా, తుపాకీ నీ ఒంటి మీదుండాలి, లేకపోతే తాళంలో ఉండాలి. మూడో చోటు లేదు. మూడో చోట ఒక్కసారి కనబడినా పిల్లని డేకేర్‌లో వేసేస్తా." రెన్‌లీకి ఇప్పుడు నాలుగేళ్ళు. అమ్మ డ్యూటీకి వెళ్ళిన రోజల్లా తాత దగ్గరే ఉంటుంది. ఆ పిల్ల రాని రోజు ఆయన టీవీ కూడా పెట్టడు.

ఒక శనివారం మధ్యాహ్నం నన్ను పిలిచాడు. వంటింటి బల్ల మీద బూట్ల అట్టపెట్టె ఉంది. నిండా తుపాకీ ఒరలే. తోలువి, ప్లాస్టిక్కువి, గుడ్డవి. మా ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఒకటి ఉంటుంది. కొన్నప్పుడు ప్రతిదీ హాయిగానే ఉంటుంది, పూటంతా పెట్టుకుంటే గానీ తెలియదు. పిస్తోలులోంచి తూటాలు తీశాం. ఖాళీ అని ఆయన చూశాడు, నేను చూశాను, మళ్ళీ ఆయన చూశాడు.

"ఇక మొదలెట్టండి బట్టల కొట్టు" అంది లవాన్ పెద్దమ్మ, మొక్కజొన్న రొట్టె పొయ్యిలోంచి తీస్తూ.

మావాళ్ళకి నడుము ఒక గడియారం. బొడ్డు పన్నెండు, కుడి తుంటి మూడు, వెన్ను ఆరు. నాది ఒంటిగంట దగ్గర, పొత్తికడుపు మీద. నా వయసువాళ్ళందరిదీ అక్కడే. దాచడం తేలిక, తీయడం తేలిక. ముందు అదే పెట్టించాను.

నిలబడినంతసేపూ బాగానే ఉంది. కూర్చోగానే పొట్ట మడతపడి పిడిని బయటికి తోసింది.

"ఇది ఎటు చూస్తోందిరా, టానర్?" అన్నాడు.

"నీ తొడ వైపు."

"తొడ అని మర్యాదకి అంటున్నాడు" అంది పెద్దమ్మ.

నవ్వాం గానీ ఆయన ఆలోచనలో పడ్డాడు. "తొడలో పెద్ద రక్తనాళం ఉంటుంది. జనెల్ చెప్పింది. అది తెగితే అంబులెన్సు వచ్చేలోపే అయిపోతుందట. నువ్వు ఒరలో పెట్టేటప్పుడు చూసుకుంటావా?"

"కిందికి చూసే పెడతాను. చొక్కా పైకెత్తి, నెమ్మదిగా. తీయడానికి తొందరుంటుంది గానీ పెట్టడానికి ఏం తొందర?"

"నాకు కిందికి చూస్తే పొట్టే కనిపిస్తుంది" అంటూ తీసి బల్ల మీద పెట్టాడు.

వెన్ను దగ్గర పెట్టి చూశాడు. కుర్చీలో ఆనుకోగానే మొహం చిట్లించాడు. "కర్ర జారి వెల్లకిలా పడ్డాననుకో, వెన్నుపూసకీ నేలకీ మధ్య ఇనప ముద్ద. తుంటి పోయింది చాల్లే, నడుమెందుకు?" చంక కింద వేలాడే ఒర తోలు పట్టీలతో బరువు భుజాల మీదే మోస్తుంది, తుంటికి హాయి. అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడ్డాడు. పిస్తోలు మూతి తిన్నగా వెనక్కి చూస్తోంది.

"నువ్వు తలుపు వైపు తిరిగి నిలబడితే నీ వెనక బెంచీలో ఎవరు కూర్చుంటారు?" అంది పెద్దమ్మ.

"ఆర్డెల్ గారు."

"ఎనభై ఏళ్ళావిడ. ఆవిడ మీదేం కోపం నీకు? పైగా రేపు జూలైలో కోటు వేసుకుంటావా?"

చీలమండకి కట్టుకునేది నేను తీశాను. ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, "వంగకూడదన్నారు కదరా" అన్నాడు.

"పర్లేదు, దుండగుడు రాగానే నన్ను పిలు" అంది పెద్దమ్మ. "బాబూ ఒక్క క్షణం ఆగు, మా ఆయనకి మేజోడు దించాలి అని చెప్తా. లేదంటే నా హ్యాండ్‌బ్యాగులో పడెయ్, పీడా పోతుంది."

"నీ బ్యాగులో కారు తాళమే దొరకదు, ఇది దొరుకుతుందా? అయినా బ్యాగు ఒళ్ళు కాదు. కుర్చీకి తగిలించి మర్చిపోతావు. అదే జనెల్ చెప్పే మూడో చోటు."

చివరికి జేబు తేలింది. ఇనప్పెట్టెలోంచి ఇంకోటి తెచ్చాడు, ఐదు తూటాల చిన్న రివాల్వరు, దానికి జేబులో కదలకుండా ఉండే ఒర. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోతుంది. కోతకి తగలదు, కూర్చుంటే గుచ్చుకోదు, చెయ్యి జేబులో పెట్టుకుని నిలబడితే ఎవరికీ అనుమానం రాదు. ఆ జేబులో మరేమీ ఉండకూడదన్నదొక్కటే నియమం. తాళం చెవో, పెన్నో లోపలికి దూరితే అదే ట్రిగ్గర్ లాగేస్తుంది. పెదనాన్న కుడి జేబు బల్ల మీద బోర్లించాడు. చాకు, చిల్లర, పిప్పరమెంటు బిళ్ళలు. అన్నీ ఎడమ జేబులోకి మార్చాడు. హాయిగా ఊపిరి పీల్చుకుని రొట్టె తుంచుకున్నాడు. ఒక మధ్యాహ్నమంతా మేం ముగ్గురం ఒక మనిషి ఒంటి చుట్టూ గడియారం తిప్పాం. ఆ ఒంటిని ఇంకెవరు వాడుకుంటున్నారో మాకు తట్టలేదు.

మరుసటి ఆదివారం ఆయన నిలబడలేక, తలుపు పక్కనున్న ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. జనెల్ అక్క పాటల బృందంలో వేదిక మీదుంది. రెన్‌లీ ఎప్పుడూ పెద్దమ్మతో ముందు వరసలో కూర్చునేది. ఈసారి తాత కూర్చున్నాడని చూసి పరిగెత్తుకొచ్చి ఆయన కుడి పక్కకి చేరింది. "బిళ్ళలు ఇటు మారాయి, బంగారం" అని ఆయన ఎడమ జేబు తట్టి చూపించాడు. ఆ పిల్ల తలూపింది. ఏం చెప్పినా తలూపుతుంది.

పాస్టర్ హాలిస్ గారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలో ఊళ్ళో జబ్బుపడ్డవాళ్ళ పేర్లన్నీ వస్తాయి, వాన కూడా వస్తుంది. అందరూ తలలు వంచారు. నేనూ పెదనాన్నా నియమం ప్రకారం కళ్ళు తెరుచుకుని తలుపు వైపు చూస్తున్నాం. బయట ఎర్రమట్టి రేగుతోంది. ఎవరూ రావడం లేదు.

పెదనాన్న ఒక్కసారిగా బిగుసుకుపోవడం కంటి కొసన కనబడింది. ఆయన చెయ్యి కుడి జేబు మీద పడింది. ఆ చేతికింద, జేబులోకి దూరిపోయిన చిన్న ముంజేయి కనబడుతోంది.

"తాతా," అంది రెన్‌లీ, చర్చి అంతటికీ వినబడేలా. "ఇవాళ పెద్ద బిళ్ళ తెచ్చావా?"

తలలు వంచుకున్నవాళ్ళ భుజాలు నవ్వుతో కదిలాయి. పాస్టరుగారు కూడా నవ్వాపుకుని, "ప్రభువా, పిల్లల ఆశలు కూడా విను" అని ముందుకెళ్ళారు. పెదనాన్న ఆ చేతిని ఒక్కొక్క వేలే విప్పుతున్నట్టు నెమ్మదిగా బయటికి తీశాడు. అరచెయ్యి తిప్పి చూశాడు. ఏమీ లేదు. ఎడమ జేబులోంచి బిళ్ళ తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆ కాగితం విప్పడానికి ఆయన వేళ్ళకి చేతకాలేదు. పిల్లే విప్పుకుంది.

ఆరాధన అయ్యాక కార్ల దగ్గర పట్టుకున్నాను. ఆయన మొహం పాలిపోయి ఉంది.

"ఒర కదిలిందా?" అన్నాను.

"లేదు."

"ట్రిగ్గర్ మూసే ఉంది కదా. లేకపోయినా ఆ గట్టి ట్రిగ్గర్ నాలుగేళ్ళ పిల్ల వల్ల కాదు. ఏమీ జరిగేది కాదు, పెదనాన్నా. అన్నీ సరిగ్గానే చేశావు."

"చేశాను" అన్నాడు. కాసేపు కర్రతో కంకర కెలికాడు. "నడక వచ్చిన దగ్గర్నుంచి అది దాని జేబురా. నేను పోయి దాని జేబులో పెట్టాను."

నేను చెప్పింది తప్పు కాదు. ఆయన అన్నది వేరే సంగతి.

అంతలో అక్క నవ్వుకుంటూ వచ్చింది. "ఏంటి నాన్నా, నా కూతురితో చర్చిలో చెయ్యి పట్టుకుని కుస్తీలా? వేదిక మీద నవ్వాపుకోలేక చచ్చాను."

ఎవరికీ తెలియదు. నేను నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోమని ఆయన వైపు చూశాను కూడా. ఆయన నన్ను చూడలేదు.

"బిళ్ళ కాదు జనెల్. రివాల్వరు. తుంటి మీద పెట్టుకోలేక జేబులోకి మార్చాను. పిల్ల దాన్ని పట్టుకుంది. ఒరలోనే ఉంది. అయినా పట్టుకుంది."

అక్క నవ్వు ఆగిపోయింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. రెన్‌లీని ఎత్తుకుని, ఆ చిన్న చేతిని తన దోసిట్లో దాచుకుని, "ఒంటి మీదుండాలన్నది నేనే కదా" అంది. "రేపట్నుంచి డేకేర్, నాన్నా."

"సరే" అన్నాడు. ఒక్క మాట కూడా బతిమాలలేదు.

ఆ వారం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి కాపలా బృందం నుంచి తప్పుకున్నాడు. పెద్దరికం ఇంకొకాయన తీసుకున్నాడు. పెదనాన్న తుపాకీ మానేశాడని రాస్తే అబద్ధం. ఊరి బయట పొలాలవైపు ఒంటరిగా వెళ్ళినప్పుడు పెట్టుకుంటాడు. కోత మానాక వెడల్పు బెల్టు కొన్నాడు, కిందికి జారని గట్టి ఒరతో మళ్ళీ మూడింటి దగ్గర. ఆదివారం మాత్రం అది ఇంట్లో ఇనప్పెట్టెలోనే ఉంటుంది. నాది ఇప్పటికీ ఒంటిగంట దగ్గరే. కాకపోతే ఎవరింటికైనా వెళ్తే, ఆ ఇంట్లో పిల్లలు మనుషుల మీద ఎక్కడెక్కడ ఎక్కుతారో ముందు చూస్తున్నాను.

కొన్ని వారాలు ఇల్లు చాలా నిశ్శబ్దంగా గడిచింది. పెద్దమ్మ కూడా హాస్యాలు తగ్గించింది. ఆయన చర్చికి ముందుగా వెళ్ళి అలవాటుగా గుమ్మంలోనే నిలబడేవాడు, వట్టి స్వాగతం చెప్పడానికి. మొదటిరోజు ఆర్డెల్ గారు వచ్చినప్పుడు కర్ర గోడకి ఆనించి రెండు చేతులతోనూ కౌగిలించుకున్నాడు. ఆవిడ ఉలిక్కిపడి, "వెండెల్, నీకు రెండో చెయ్యి పనిచేస్తుందా!" అంది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం జనెల్ అక్క గుమ్మంలో ఆగింది. రెన్‌లీ చెయ్యి పట్టుకుని ఉంది. అక్క తండ్రిని కౌగిలించుకుంది. ఆ చేతులు ఊరికే ఉండలేదు. వీపు మీదనుంచి నడుము చుట్టూ తిరిగాయి, చంకల కింద తడిమాయి, తుంటి మీద ఆగాయి. ఆయన చేతులు కాస్త ఎత్తి, తడమనిచ్చాడు. నేను తలుపు దగ్గర నిలబడి అన్నీ చూస్తున్నాను. అక్క చెయ్యి ఆఖరికి కుడి జేబులోకి వెళ్ళింది. లోపల కాగితం గలగలలాడింది.

ఒక బిళ్ళ తీసి, విప్పి, తనే నోట్లో వేసుకుంది.

"అమ్మా, అది నాది!" అని రెన్‌లీ గునిసింది.

"బుధవారం నాకు పొద్దుటి డ్యూటీ, నాన్నా" అంది అక్క, బిళ్ళ బుగ్గన పెట్టుకుని. "ఎనిమిదికల్లా దించుతాను. టిఫిన్ పెట్టకుండా తెస్తా."

"పెట్టి తెచ్చినా నా దగ్గర మళ్ళీ తింటుంది" అన్నాడు పెదనాన్న. అప్పటికే రెన్‌లీ మోచేతి దాకా ఆ జేబులో ఉంది.