పెన్‌గంగ దాటిన తాత కోసం ఎల్లారెడ్డికి

శుక్రవారం ఉదయం ఆరింటికి పాండర్‌కవడా బస్టాండులో ఆదిలాబాద్ బస్సెక్కాను. సంచిలో రెండు జతల బట్టలు, ప్లాస్టిక్ కవరులో మా నాన్న కాగితాలు. గడువు సోమవారం పదకొండింటి వరకే. ఆలోగా మా తాత ఏ ఊరివాడో, ఏ కులంవాడో ఆ ఊళ్లోనే ఉన్న ఆయన రక్తసంబంధి ఒకరు ప్రమాణపత్రం రాసివ్వాలి. లేకపోతే మా అమ్మాయి స్వప్నకు వచ్చిన నర్సింగు సీటు ఇంకొకరికి పోతుంది.

మేం కుమ్మరులం. ఇక్కడ మరాఠీలో మమ్మల్ని కుంభార్లంటారు. కులపత్రం పరిశీలించే గుమాస్తా మంచివాడే, టీ కూడా తాగించాడు. తాగించి, మీ తాత నిజాం ఇలాకా నుంచి వచ్చాడని మీరే రాశారు కదా, మరి అక్కడ ఆయన ఫలానా అని చెప్పేవాళ్లెవరు అని అడిగాడు. తాత పోయి నలభై ఏళ్లు దాటింది. నాన్న కూడా లేడు.

ఆరూ యాభైకి బస్సు పెన్‌గంగ వంతెన మీదికి వచ్చింది. భాద్రపదం కదా, నీళ్లు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. తాత ఈ నది దాటేనాటికి వంతెన లేదు. అవతల నిజాం రాజ్యం, ఇవతల బేరార్. బేరార్‌ను ఇంగ్లీషువాళ్లకు అప్పగించి కూడా నిజాం కాగితం మీద అది నాదే అంటుండేవాడట. ఇంగ్లీషువాళ్లు సరే సరే అంటూ పన్నులు వసూలు చేసుకునేవాళ్లట. సరిహద్దు ఎవరిదైతేనేం, నిజాం దొరలకు వెట్టి కుండలు మోసి మోసి విసిగిన పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ నది దాటితే చాలు. దాటాడు. మళ్లీ వెనక్కి వెళ్లలేదు. ఆ పుణ్యానికి మూడు తరాల తర్వాత నేను బస్సు టికెట్లు కొంటున్నాను.

నేను రోజూ ఆదిలాబాద్ వెళ్లి ఒక అచ్చాఫీసులో తెలుగు ప్రూఫులు దిద్దుతాను. ఒత్తు పోయినా, దీర్ఘం పోయినా నాకు నిద్ర పట్టదు. అలాంటివాణ్ణి సొంత ఊరి పేరు కూడా సరిగ్గా తెలియకుండా బయల్దేరాను. తాత ఎప్పుడూ "మాది కామారెడ్డి" అనేవాడు. అంతే.

ఎనిమిదిన్నరకు ఆదిలాబాద్‌లో హైదరాబాద్ బస్సు దొరికింది. నిర్మల్ దగ్గర పక్కసీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నాడు. పదిహేనేళ్లు దుబాయిలో తాపీపని చేసి వచ్చాడట, ఇప్పుడు బీబీపేటలో రెండెకరాల వరి. నా కథంతా విని నవ్వాడు.

"కామారెడ్డి టేషను పేరు తమ్మీ. ఊరిడిసిపోయినోళ్లు అందరు గట్లనే చెప్పుకుంటరు. నేను గూడ దుబాయిల మాది కామారెడ్డి అనే చెప్పిన. నీళ్లు చెప్పు, ఊరు చెప్త."

నీళ్లంటే గుర్తొచ్చింది. తాత తన అన్న పొలం గురించి చెప్పేటప్పుడు పోచారం కాలువ పారేదనేవాడు. అయితే నాగిరెడ్డిపేట దిక్కు అడగమని, ఎల్లారెడ్డి మీదుగా పొమ్మని ఆయన తేల్చాడు. బస్సు ఊళ్లోకి రాదని, బైపాస్ దగ్గర దిగి ఆటో పట్టుకోవాలని కూడా చెప్పాడు. ఈ దారిన వెళ్లేవాళ్లు ఆ సంగతి ముందే కండక్టరును అడగడం మంచిది.

కామారెడ్డిలో దిగేసరికి ఒకటింబావు. స్టేషన్ రోడ్డులో అన్నం తిని, ఆఫీసు తర్వాత ఆఫీసు తిరిగాను. ఒకరు పాత కాగితాలు నిజామాబాద్‌లో ఉంటాయన్నారు. ఇంకొకరు అంతకుముందువి ఉర్దూలో ఉంటాయి, చదివేవాళ్లు లేరన్నారు. జిల్లాలు మారినప్పుడల్లా తాత ఊరు కూర్చున్న చోటే కూర్చుని చిరునామా మార్చుకుంటూ వచ్చింది. ఐదున్నరకు తలుపులు మూశారు. స్టేషన్ దగ్గరే లాడ్జిలో గది తీసుకుని, స్వప్నకు ఫోన్ చేసి పని అయిపోవచ్చిందని అబద్ధం చెప్పాను.

శనివారం ఆరున్నరకు ఎల్లారెడ్డి బస్సు. ఎనిమిది కాకముందే దిగి ముందు నోటరీని వెతికాను. కోర్టు పక్క గదిలో ఉంటారని, శనివారం రెండింటికి లేచి వెళ్లిపోతారని, మనిషితోపాటు ఆధార్ కార్డు తేవాలని ఆయన గుమాస్తా చెప్పాడు. అక్కడినుంచి నాగిరెడ్డిపేట బస్సు. దిగి దారిలో రెండు ఊళ్లు అడిగాక, మూడో ఊళ్లో కిరాణం కొట్టు ఆవిడ కుమ్మరి నర్సయ్య అనగానే, ఆయన ఎప్పుడో పోయిండు, కొడుకు లింగయ్య ఉన్నడు అంది. నర్సయ్య మా తాతకు అన్న. ఆ ఇంట్లో ఎవరూ మిగల్లేదనే మేం విన్నాం. నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

లింగయ్యకు డెబ్బై అయిదు దాకా ఉంటాయి. మా నాన్నకంటే చిన్నవాడు, అంటే నాకు చిన్నబాపు. అరుగు మీద కుర్చీ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు. అరుగు చివర ఒక ముసలావిడ పుంటికూర, అదే గోంగూర, తెంపుతోంది. నేను మల్లయ్య మనుమణ్ణని, ఒక ప్రమాణపత్రం మీద సంతకం కావాలని చెప్పాను. అంతవరకూ మెత్తగా ఉన్న మనిషి ముఖం ఒక్కసారిగా బిగుసుకుపోయింది.

మల్లయ్య అనే మనిషి ఎన్నడో పోయాడని, ఆయనకు పెళ్లే కాలేదని, ఇక మనుమడు ఎక్కణ్ణుంచి వస్తాడని అడిగాడు. ఇంట్లోకి వెళ్లి మస్కట్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ కలిపాడు. స్పీకర్ పెట్టాడేమో, బయటికి కూడా వినిపించింది. "బాపూ, దేని మీద సంతకం పెట్టకు. మొన్న పక్కూర్ల గిట్లనే ఒకడు వచ్చి భూమిల పాలడిగిండు. పాసుబుక్కు జాగ్రత్త."

నాకు కోపం వచ్చింది. భూమిలో పాలు కోసం నది దాటి వచ్చానా నేను? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాణ్ణా? కానీ గోడమీది గడియారం పదీ ఇరవై చూపిస్తోంది. కోపానికి కూడా టైము లేదు. నాకు భూమి వద్దని అదే కాగితం మీద రాసిస్తానన్నాను. చదువుకున్నోళ్లు ఏదైనా రాస్తారు అన్నాడు చిన్నబాపు. మా నాన్న కాగితాలు ముందు పెట్టాను. మరాఠీలో ఉన్నాయి, ఆయన ముట్టుకోలేదు. అలా పదకొండున్నర దాకా సాగింది.

అప్పుడు ముసలావిడ పుంటికూర పక్కన పెట్టింది. అప్పటిదాకా నేను ఆమెను పట్టించుకోలేదు.

"మీ ఇంట్ల పెత్రమాసకు బియ్యమిస్తరా?" అని అడిగింది.

ఇస్తామన్నాను. భాద్రపద అమావాస్యనాడు ఇంట్లో పోయినవాళ్లందరి పేర్లూ చెప్పి అయ్యవారికి బియ్యం, కూరగాయలు ఇవ్వడం మా దగ్గరా ఉంది. భాషలో సగం పోగొట్టుకున్నాం కానీ తాత ఆ ఒక్క రోజునూ పోనివ్వలేదు. ఇంకా పన్నెండు రోజులుంది.

"అయితే ఎవలెవలి పేర్ల మీద ఇస్తరో చెప్పు. వరుసగ చెప్పు."

ఈ పేర్లు ఏ కాగితం మీదా లేవు. తాత నాన్నకు, నాన్న నాకు నోటితో నేర్పినవి. ఒకటి తప్పితే దొంగనవుతాను. కళ్లు మూసుకుని చెప్పాను. ముత్తాత బాలయ్య. ముత్తవ్వ గంగవ్వ. పెద్దతాత నర్సయ్య. ఆయన భార్య సాయవ్వ. వాళ్ల పసిబిడ్డ రాజవ్వ. ఆ తర్వాత మా వైపువాళ్లు, తాత మల్లయ్యతో మొదలుపెట్టి.

కళ్లు తెరిచేసరికి చిన్నబాపు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముసలావిడ మాత్రం కదల్లేదు.

"రాజవ్వ ఎట్ల సచ్చింది?"

"గత్తర రోగం తగిలి ఇంటిల్లిపాది పోయిన్రని తాతకు ఎవరో చెప్పిన్రట. అప్పటికి ఆ పిల్ల ఇంక పాలు తాగుతుండెనట."

"నేనే రాజవ్వను" అందామె.

ఎనభై ఏళ్లుగా మేం ప్రతి పెత్రమాసకూ ఈమె పేరు చెప్పి బియ్యం ఇస్తున్నాం. ఈమె తిని, తిరిగి, పిల్లల్ని కని, భర్త పోయాక పుట్టింటికి వచ్చి, నా ఎదురుగా పుంటికూర తెంపుతోంది. దండం పెట్టాను. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు కూడా.

మిగతాది ఆమే చెప్పింది. మల్లయ్య ఏరు దాటబోయి కొట్టుకుపోయాడని ఇక్కడికి కబురొచ్చిందట. శవం దొరకలేదు కాబట్టి గడ్డితో బొమ్మ చేసి కాల్చారట. అప్పటినుంచి నర్సయ్య ప్రతి పెత్రమాసకూ తమ్ముడి పేరు మీద బియ్యం ఇచ్చాడు. అదే రోజు నదికి అవతల మా తాత అన్న పేరు మీద ఇచ్చాడు. ఇద్దరూ బతికే ఉన్నారు. ఇద్దరూ ముసలివాళ్లయ్యేదాకా ఒకరికొకరు బియ్యం ఇచ్చుకుంటూనే పోయారు.

ఇక సంతకం అయిపోయినట్టేనని సంచి సర్దుకున్నాను. చిన్నబాపు నా పక్కన కూర్చుని, నా చేయి పట్టుకుని, చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఇప్పటిదాక నువ్వు దొంగవనుకున్న, భయం లేకుండె. నువ్వు నిజంగనే మల్లయ్య మనుమనివైతే నీకు పాలున్నట్టే గదా. సంతకం మాత్రం పెట్టను బిడ్డా. అన్నం తినిపో."

ఆయన తప్పు లేదు. అబద్ధమైతే నమ్మరు, నిజమైతే భయపడతారు. అడకత్తెరలో పోకచెక్కలా కూర్చుండిపోయాను. పన్నెండున్నర అయింది. ఎల్లారెడ్డి చేరడానికే నలభై నిమిషాలు కావాలి.

రాజవ్వ లేచి లోపలికి వెళ్లింది. వచ్చేటప్పుడు చీర మార్చుకుని ఉంది, చేతిలో ఆధార్ కార్డు.

"నడువు. నేను పెడ్త ఏలు."

చిన్నబాపు అడ్డం వెళ్లాడు. అక్కా, నీకు తెల్వది అన్నాడు.

"నాకేం తెల్వదు రా? ఈ ఇంట్ల పుట్టినదాన్ని నేనుగాదా? పోతదని భయపడనీకి నాకు ఎవడన్న పాలిచ్చిండా?"

ఆ మాటకు చిన్నబాపు పక్కకు తప్పుకున్నాడు. ఆటో అతను మూడువందలన్నాడు, నేను బేరమాడలేదు. దారి పొడుగునా రాజవ్వ నా చేయి వదల్లేదు. పెన్‌గంగ ఎంత వెడల్పుంటుందని ఒక్కటే అడిగింది.

ఎల్లారెడ్డికి ఒకటీ ఇరవై. కాగితం టైపు చేయించేసరికి ఒకటీ నలభై. ఇంకు పెట్టి ఆమె వేలు అద్దితే నల్లటి మచ్చ పడింది, గీతలు పడలేదు. రెండోసారీ అంతే. నలభై ఏళ్లు బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగిపోయినయి సారూ అని ఆమె చెప్పుకుంది. నోటరీ కళ్లజోడు తీసి, ఇలాంటి ముద్ర రేపు ఎవరైనా కాదంటే తన మెడకు చుట్టుకుంటుందని, ఈ వేలు ఈమెదేనని తెలిసినవాడు ఒకడు సాక్షి సంతకం పెట్టాలని అన్నాడు. నేను పనికిరాను, లబ్ధి నాదే కదా. ఆటో అన్నకు ఆమె పేరే తెలియదు. గడియారం రెండుకు పది నిమిషాలు తక్కువ. గుమాస్తా కిటికీ రెక్కలు మూయడం మొదలుపెట్టాడు.

గుమ్మంలో చిన్నబాపు నిలబడి ఉన్నాడు. ఎవరి బండి మీదో వచ్చినట్టున్నాడు, జుట్టంతా దుమ్ము. ముసలిదాన్ని ఒంటరిగా పంపడం ఇష్టంలేక వచ్చానన్నాడు. సంగతి విన్నాడు. కాగితం తీసుకుని మూడుసార్లు చదివించుకున్నాడు.

"ఏలు మా అక్కదే. గంతవరకే పెడ్త. ఇంక దేనికి గాదు."

అంతవరకే చాలన్నాడు నోటరీ. లింగయ్య, తండ్రి నర్సయ్య అని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. గంతవరకే అన్నాడు కానీ, ఆ కాగితం మీద ఆయన తండ్రి పేరు, మా తాత పేరు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అది ఆయన చూశాడు. చూసి కలం మూత పెట్టి నాకు ఇచ్చాడు.

ఆ సాయంత్రం వాళ్లింట్లోనే పుంటికూర పప్పు, జొన్నరొట్టె తిన్నాను. చిన్నబాపు భూమి మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆదివారం పొద్దున ఆరింటికి రాజవ్వ బస్సు దాకా వచ్చింది. ఇప్పుడామె నాకు మేనత్త. బస్సు కదులుతుంటే కిటికీ పట్టుకుని చెప్పింది.

"ఈ పెత్రమాసకు నా పేరు చెప్పకు. చెప్పే రోజు వస్తే కబురు చేస్తరు."

కామారెడ్డిలో బస్సు మారి, నిర్మల్‌లో ఇడ్లీ తిని, రెండింటికల్లా మళ్లీ పెన్‌గంగ మీదికి వచ్చాను. స్వప్న ఫోన్ చేసి నేను పంపిన కాగితం ఫొటో చూశానంది. కులపత్రం గుమాస్తా కూడా చూశాడట, అసలు కాగితం రేపు పట్టుకురమ్మన్నాడట. ఈ దారిలో సొంత ఊరు వెతుక్కునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆఫీసులకు తర్వాత వెళ్లండి. ముందు మీ ఇంట్లో పెత్రమాసకు చెప్పే పేర్లు వరుస తప్పకుండా నేర్చుకోండి.

వంతెన దాటాక సంచిలోంచి నోటుబుక్కు తీసి ఆ పేర్లన్నీ మొదటిసారి కాగితం మీద రాశాను. రాజవ్వ దగ్గర ఆగి, ఎర్ర పెన్ను తీసి ఆ పేరు కొట్టేశాను. ఇరవై ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను. ఇంత సంతోషంగా దిద్దిన తప్పు ఇంకోటి లేదు.