నీళ్ళ మాత్ర వేసుకుని బస్సెక్కిన రోజు

పాదాలు వాచి చెప్పులు పట్టడం మానేశాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బర్మాలో మేముండే సంచౌంగ్‌లో మా వీధి చివర డాక్టరమ్మ గుండె బలహీనపడిందని చెప్పి చిన్న తెల్ల మాత్ర ఒకటి రాసింది. ఇక్కడ డాక్టరమ్మని సయామా అంటారు, మేమూ అంతే.

"ఒంట్లో చేరిన నీరు మూత్రంలో పోతుంది ఆంటీ. పొద్దున్నే వేసుకోండి," అంది సయామా.

ఎంత పోతుంది, ఎంతసేపట్లో పోతుంది అని నేనడగలేదు. అలాంటివి నోరు తెరిచి అడగడం నాకు చేతకాదు.

ఆ వారంలోనే మా వియ్యపురాలు, అంటే అమ్మాయి అత్తగారు, మింగళాడోన్ నుంచి వచ్చింది. మనవడికి అన్నప్రాశన. నన్ను వెంటబెట్టుకుపోదామని తనే బయల్దేరి వచ్చింది. అప్పటికే మాత్ర వేసుకున్నాను. ఆవిడతోబాటు టీ కూడా తాగి బస్సెక్కాను.

సగం దారిలో పొత్తికడుపు బిగిసింది. ముందు రోడ్డు పని, బళ్ళు కదలడం లేదు. దిగిపోదామంటే సరిపోయేది. కానీ పక్కనున్నది మగపెళ్ళివారి మనిషి. పెళ్ళి మాటలప్పుడే ఆవిడ ముందు తలెత్తనిదాన్ని, ఒంటికి పోవాలని ఎలా చెప్పను? ఆవిడ మనవడికి కొత్తగా మొలిచిన పళ్ళ గురించి చెబుతోంది. నేను కాళ్ళు బిగబట్టి ఊఁ కొడుతున్నాను. బస్సు ఒక్క కుదుపుతో కదిలింది. అంతే. తొడల కింద వెచ్చగా పాకింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

మేం దిగాల్సిన స్టాపు వచ్చింది.

"లేగండి వదినా, దిగాల."

"మీరు దిగండి. నేను తరవాత వస్తాను."

"తరవాతేటి? ఏటైంది?"

నా మొహం చూసింది. చీర చూసింది. తన శాలువా తీసి నా నడుముకి చుట్టింది. సంచిలోంచి తువ్వాలు తీసి, వంగి, ఆ సీటు తుడిచింది. డ్రైవరు తొందరపెడితే, నీళ్ళ సీసా ఒలికిందని బర్మా భాషలో చెప్పింది.

పిల్లనిచ్చినదాన్ని. ఆవిడ కాళ్ళకి నీళ్ళివ్వాల్సినదాన్ని. నా ఉచ్చ ఆవిడ తుడుస్తుంటే నిలబడి చూశాను.

దొడ్డిదారిన ఇంట్లోకి తీసుకుపోయి కట్టుకోడానికి తన లోంజీ, ఇక్కడివాళ్ళ లుంగీ, ఇచ్చింది. అందరికీ అదే సీసా కథ చెప్పింది. మనవడిని ఒళ్ళో పెట్టబోతే నడుం నొప్పని తప్పించుకున్నాను. ఎంత కడుక్కున్నా వాసనొస్తున్నట్టే ఉంది.

మర్నాటి నుంచి మాత్ర మానేశాను. ఎవరికీ చెప్పలేదు. మళ్ళీ చూపించుకోవడానికి వెళ్తే సయామా కాలి మీద వేలితో నొక్కింది. గుంట అలాగే ఉండిపోయింది.

"రోజూ వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను, సయామా."

మందు చాల్లేదనుకుని ఆవిడ రెట్టింపు చేసింది.

కొన్నాళ్ళకి పడుకుంటే ఊపిరాడని స్థితి వచ్చింది. భయపడి, ఆ రెట్టింపు మందు ఒక్కసారే మొదలుపెట్టాను. ఉన్న నీరంతా పోయింది. పిక్కలు పట్టేశాయి, కళ్ళు తిరిగి స్నానాలగది గుమ్మంలో పడ్డాను. మా ఆయన రిక్షాలో తీసుకుపోయాడు. బీపీ బాగా పడిపోయిందట. సయామా మళ్ళీ అదే ప్రశ్న వేసింది. ఈసారి ఆయన ఎదురుగానే బస్సుతో సహా అంతా చెప్పేశాను. ఏడుపాగలేదు.

"కిడ్నీలు వడకట్టిన నీళ్ళని చాలామటుకు మళ్ళీ వెనక్కి తీసుకుంటాయి ఆంటీ," అంది సయామా. "ఈ మాత్ర ఉప్పుని వెనక్కి పోనివ్వదు. ఉప్పు వెంట నీళ్ళూ బయటికి పోతాయి. వేసుకున్న తర్వాత కొన్ని గంటలు ఆ జోరు ఉంటుంది. అది ముందే చెప్పాల్సింది నేను. బయటికెళ్ళే రోజు ఇంటికొచ్చాక వేసుకోండి. మానడం మాత్రం వద్దు."

మందు మళ్ళీ మొదటి మోతాదుకి తగ్గించింది. ఇంటికొచ్చాక మా ఆయన, "నాకైనా సెప్పకూడదేటే?" అన్నాడు.

ఇప్పుడు వాపు లేదు, చెప్పులు పడుతున్నాయి. వియ్యపురాలు ఆ రోజు సంగతి ఇప్పటిదాకా ఎత్తలేదు, మా అమ్మాయికి కూడా చెప్పలేదు. మనవడు నడుస్తున్నాడు, చూడ్డానికి రమ్మని ఫోన్ చేస్తుంది. వస్తాను వదినగారూ అంటాను. ఇంకా వెళ్ళలేదు.