ఆవకాయ పాటి చెయ్యని కుట్లు

మా హెడ్ సిస్టర్ గారు పోయారు. హెర్నియా ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాత కుట్లు చీము పట్టి, ఆ విషం ఒళ్ళంతా పాకింది. రిటైరయ్యేదాకా తాను పనిచేసిన ప్రభుత్వాసుపత్రిలోనే పోయారు. "దేవుడు పిలిచాడు" అన్నారు పాస్టరు గారు. దేవుడి మీదికి నెట్టేస్తే మాకందరికీ సుఖమే.

నేను ఆవిడ కింద నర్సుగా చేరినప్పుడు వార్డు గుమ్మం పక్కన ఓ బేసినులో లోషన్ నీళ్ళుండేవి. పొద్దున కలిపిన ఆ నీళ్ళలోనే డాక్టర్లూ నర్సులూ మధ్యాహ్నం దాకా వేళ్ళు ముంచి, ఒకే తువ్వాలుకు తుడుచుకునేవాళ్ళు. ఆవిడ కంటపడితే బేసిను ఎత్తి పారబోసేవారు. కుళాయి వరండా చివర ఉండేది.

"ఒక్కొక్కరికీ అంతదూరం పోయి కడుక్కొస్తే సాయంత్రానిక్కూడా ఓపీ తెమలదండి సిస్టర్ గారూ" అన్నాడో డాక్టరు.

"తెమలకపోతే మానె. సాయంత్రానికి బతికుంటారు కదండీ!"

మమ్మల్నీ వదల్లేదు. "ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టాలంటే కడిగి, తుడిచి, ఆరబెట్టుకుని మరీ పెడతారు. బాలింతరాలి కుట్లు ఆవకాయ పాటి చెయ్యవేంటమ్మా?"

"చర్చికెళ్ళే మనిషికి ఇంత మడేంటో!" అని ఆవిడ వెనక అందరూ నవ్వుకునేవాళ్ళు. నాకు ఈ పని వచ్చిందంటే ఆవిడ తిట్ల వల్లే.

ఆపరేషన్ అయ్యాక నేను ఆవిడ మంచం దగ్గరే ఉన్నాను. కుర్ర డాక్టరు పక్క మంచం మీది చీము పుండు చూసి, అవే చేతులతో ఆవిడ కట్టు విప్పబోయాడు.

"కడుక్కుని రండి బాబూ."

"రిటైరైనా డ్యూటీ దిగలేదా మేడమ్?"

వార్డంతా నవ్వింది. ఆవిడ దుప్పటి గట్టిగా మీదికి లాక్కున్నారు.

"సార్, ఒక్క నిమిషం..." అన్నాన్నేను.

"బయట జనాన్ని చూశారా అండీ?" అంటూ అతనే దుప్పటి తీసి కట్టు విప్పాడు. ఆ వారంలోనే జ్వరం మొదలైంది. ఆ చేతుల వల్లే అని నేను నిరూపించలేను. ఎవరూ అడగనూ లేదు. "వయసైపోయింది కదండీ" అన్నారంతే.

మట్టి వేయడానికి ఆ డాక్టరూ వచ్చాడు. అయ్యాక సమాధుల దొడ్డి బయట కుళాయి దగ్గర అందరూ వరసలో నిలబడ్డారు. చావు మైల ఇంటికి మోసుకుపోకూడదు కదా. అతను వాచీ తీసి జేబులో వేసుకున్నాడు. సబ్బు అడిగి తీసుకుని మోచేతుల దాకా నురగ పట్టించాడు. గోళ్ళ సందులు కూడా తోముకున్నాడు. వెనక నిలబడ్డ వాళ్ళెవరూ తొందరపెట్టలేదు.