రెండు కాలనీల నీళ్లు, ఒకే కందిపప్పు

మా అమ్మాయి కుటుంబం హైదరాబాద్ శివారుకు మారుతోంది. రెండు కాలనీలు నచ్చాయట, ఏది మంచిదని నన్నడిగింది. రెండు చోట్ల బోరు నీళ్లూ సీసాల్లో తెప్పించుకుని, ఈ రోజు బీదర్‌లో మా ఇంట్లోనే విడివిడిగా కందిపప్పు ఉడికించి చూశాను. ఒక కాలనీ నీళ్లకు పప్పు వెన్నలా ఉడికింది. బీదర్ బస్సు ఆగే కాలనీ నీళ్లకేమో పలుకు పలుకుగానే ఉండిపోయింది! మనసు చివుక్కుమన్నా, ఫోన్ చేసి అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను.

"పప్పుల ఫిల్టర్ నీళ్లు పోసుకుంట నాయినా. నువ్వు బస్సు దిగంగనే మా ఇల్లు రావాలె. గందుకే నిన్ననే అది ఖాయం జేసినం."

"మరి నాతోని గీ పప్పెందుకు ఉడికిచ్చినవే?"

"నేనేడ ఉడికియ్యమన్న? ఏది మంచిదని అడిగిన, గంతే!"

అబ్బబ్బా, నా సంతోషం ఏమని చెప్పను! ఆ ఉడకని పప్పే రెండోసారి వడ్డించుకుని మరీ తిన్నాను. మీరైతే ఇల్లు మారేముందు ఏం చూస్తారండీ?