ఖైరున్ బీ కిటికీ మీద దావా

మా చిలకలపూడి సందులో పురుషోత్తం గారంటే ఎవరికీ గౌరవం లేదు. అయినా కనబడితే అందరూ నమస్కారం పెడతారు, పెట్టకపోతే నోటీసు వస్తుందని భయం. ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. సర్వీసంతా ఒక్క ఫైలు కదిలించని మనిషికి ఇంట్లో కూర్చున్నాక ఎక్కడలేని చురుకూ పుట్టుకొచ్చింది. పాలవాడి హారన్ మీద నోటీసు. మూలింటి వాళ్ళ కోడిపుంజు మీద ఫిర్యాదు. నా కుట్టుమిషన్ చప్పుడుకి ఆయనగారి బీపీ పెరుగుతోందని నాకూ ఒకటి. గుడి మైకు మీద వేశాడు, మసీదు మైకు మీదా వేశాడు. ఆ ఒక్క విషయంలో మాత్రం తేడా చూపించలేదు మహానుభావుడు.

దాంతో సందంతా బిగుసుకుపోయింది. పిల్లలు క్రికెట్ మానేశారు. ఎవరి నిచ్చెన ఎవరికీ ఇవ్వడం లేదు, ఎక్కినవాడు పడితే ఇచ్చినవాడి మీద కేసు పడుతుందేమోనని. పక్కింటికి నాలుగు మునక్కాడలు పంపాలన్నా వెనకాముందూ ఆలోచించాల్సి వచ్చింది. ఇదంతా చూసి, వీధికి క్రమశిక్షణ నేర్పానని చెప్పుకునేవాడు, సిగ్గులేని మనిషి!

అవన్నీ భరించాం. ఖైరున్ బీ జోలికి వెళ్ళినప్పుడే నాకు ఒళ్ళు మండింది.

ఆమె ఇల్లు ఆయన పెరటిని ఆనుకుని ఉంటుంది. గిల్టు నగల్లో రాళ్ళు పొదుగుతుంది. భర్త హనీఫ్ పోయాక ఇల్లు ఆ పని మీదే నడుస్తోంది. నువ్వుగింజంత రాయిని పట్టకారుతో పట్టుకుని దాని గూట్లో కూర్చోబెట్టాలి, దానికి మంచి వెలుతురు కావాలి. ఆ ఇంట్లోకి వెలుతురు వచ్చేది తూర్పు కిటికీ ఒక్కదాంట్లోంచే, అదేమో పురుషోత్తం పెరట్లోకి తెరుచుకుంటుంది. పోనీ వీధి అరుగు మీద కూర్చుందామంటే గాలికి రాళ్ళు ఎగిరిపోతాయి. ఆ కిటికీలోంచే ఆయన భార్య కనకమహాలక్ష్మి గారు గోంగూర పచ్చడి అందించేవారు, ఇద్దరూ తెగ కబుర్లు చెప్పుకునేవారు. ఆ కిటికీ వల్ల తన ఇంటి ఆడవాళ్ళ మర్యాదకు భంగం కలుగుతోందని ఆయన కోర్టులో దావా వేశాడు.

"నాకు భంగమని నేను చెప్పానుటండీ?" అని ఆవిడ అడిగితే, "నీకు లా తెలీదు, ఊరుకో" అన్నాడట.

కోర్టు ఓ లాయరుని కమిషనర్‌గా పంపింది, కిటికీ సంగతి కళ్ళారా చూసి రాసుకురమ్మని. ఖైరున్ బీ తరఫు లాయరు జీవన్ కుమార్ "మీరు ఇంట్లో ఉండండమ్మా, చాలు" అని చెప్పి చేతులు దులుపుకున్నాడు. ఆమె ఇల్లు కడిగింది. పనిబల్ల, రాళ్ళ డబ్బాలు తీసి మంచం కిందికి తోసింది. టీ పెట్టింది. పక్క పెరట్లో మగవాళ్ళ గొంతులు వినగానే చెంగు తలమీదికి లాక్కుని కిటికీ రెక్కలు మూసేసింది. పెద్దమనుషులు వచ్చి నిలబడితే వాళ్ళ మొహాన కిటికీ తెరుచుకుని కూర్చోవడం ఆమె పెరిగిన ఇంట్లో మర్యాద కాదు.

కమిషనర్ మూసిన కిటికీకి ఫోటో తీసుకున్నాడు. లోపలికొచ్చి టీ తాగాడు. కిటికీ వాడుకలో లేదనీ, అక్కడ ఏ పనీ జరుగుతున్న ఆనవాళ్ళు లేవనీ రాసుకెళ్ళాడు. కేసు తేలేదాకా ఎలా ఉన్నది అలాగే ఉంచాలని కోర్టు చెప్పింది. మూసి ఉంది కాబట్టి మూసే ఉంచాలి!

"నేను మర్యాదే కదా చేశాను, శ్రీదుర్గా?" అంది నాతో.

ఇక వాయిదాలు మొదలయ్యాయి. ఓసారి జడ్జిగారికి బదిలీ, ఓసారి లాయర్ల బహిష్కరణ, ఓసారి పురుషోత్తంకి జలుబు. వాయిదా రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని, హోటల్లో టిఫిన్ చేసి, పెళ్ళికి వెళ్ళొచ్చినవాడిలా కళకళలాడుతూ వచ్చేవాడు. ఇక్కడ ఈమె ట్యూబులైటు కింద ముక్కు నగకి ఆనించి పనిచేసేది. ఆ తెల్ల వెలుతురులో గూడేదో రాయేదో తెలియక సరుకు తిరిగొచ్చేది. ఏళ్ళు గడిచాయి. చివరికి షాపువాళ్ళు రాళ్ళపని ఇవ్వడం తగ్గించేసి, నగలు అట్టలకి గుచ్చే పని పడేశారు.

ఈ ఏడు ఆయన కొడుకు ఫణీంద్ర తల్లిదండ్రుల్ని గుడివాడ వచ్చేయమన్నాడు. ఇల్లు అమ్మకానికి పెట్టారు. కేసున్న ఇంటి గడప తొక్కనని కొనేవాడు మొండికేశాడు. అంతే, ఇన్నేళ్ళ దావా చకచకా వెనక్కి వెళ్ళిపోయింది.

జాకెట్టు కొలతలకని నేను ఖైరున్ బీ ఇంట్లో ఉండగా ఆయనే స్వయంగా వచ్చాడు.

"ఏమ్మా ఖైరున్, కేసు తీసేశాను. ఇక నీ కిటికీ నువ్వు తెరుచుకో. నీ మీద నాకెప్పుడూ కోపం లేదు సుమా."

"మరెందుకు వేశారండీ?" అన్నాను నేను, ఆపుకోలేక.

"ఎవరో ఒకరు అడగాలి కదమ్మా. ఊరికే వదిలేస్తే ఎలా?"

తుప్పుపట్టిన గడియని నేనే గుంజి తీశాను. ఎండ గది మధ్యదాకా పడింది. ఖైరున్ బీ ఆత్రంగా పనిబల్ల లాక్కుని, ఓ చెవికమ్మ ముందు పెట్టుకుని, పట్టకారుతో రాయి తీసింది. రాయి గూటి పక్కన దిగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ జారింది. కళ్ళజోడు చెంగుతో తుడుచుకుని ఇంకోసారి వంగింది. రాయి నేలమీద పడిపోయింది. తర్వాత చూపిస్తే కళ్ళ డాక్టరు ఇది వయసే అన్నాడు. వయసే, కాదని ఎవరన్నారు? కళ్ళు బాగున్న ఆఖరి ఏళ్ళన్నీ మూసిన కిటికీ వెనక పెట్టి తినేశాడే వీడు, ఆ మాట ఏ డాక్టరు రాస్తాడు!

"చూశావా, వెలుతురు ఎంత బ్రహ్మాండంగా వస్తోందో!" అన్నాడు పురుషోత్తం, తనే తెచ్చి ఇచ్చినట్టు.

"వస్తోందండీ," అంది ఖైరున్ బీ, నేలమీద చేత్తో తడుముతూ. "నాకే రాయి కనబడట్లేదు."

"అద్దాలు మార్పించుకోమ్మా," అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.